తప్పెవరిదనే గడి

మా అమ్మాయి మొన్న ఒక దరఖాస్తు రాసుకుంది. పెద్ద ఉద్యోగానికేం కాదు. ఇక్కడ జర్మనీలో బడిపిల్లల్ని రెండు వారాలు ఏదో ఒక ఆఫీసుకి వెళ్ళి పని చూసి రమ్మంటారు, దాన్ని ప్రాక్టికుమ్ అంటారు. అందుకోసం తన వివరాలు అరపేజీ రాసి, కంప్యూటర్ ముందు కూర్చుని కామాలు సరిచేసుకుంటోంది. నేను వెనకనించి తొంగిచూసి, ఇంత బోసిగా ఉంటే ఎవరు పిలుస్తారమ్మా, బాడ్మింటన్ జట్టుకి కెప్టెన్ అని ఒక ముక్క చేర్చు, ఎవడు చూడొచ్చాడు అన్నాను. అది తల తిప్పకుండానే "దస్ స్టిమ్ట్ డోఖ్ నిష్ట్, పాపా" అంది. అది నిజం కాదు కదా నాన్నా, అని. కోపంగా కూడా అనలేదు. వంటింట్లో లైటు ఆర్పలేదు అని చెప్పినట్టు చెప్పి, మళ్ళీ తన కామాల్లో పడిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, ఏం కావాలో తెలియక మూసేశాను. యాభై దాటిన మనిషిని. తేలు కుట్టిన దొంగలా అలా నిలబడిపోయాను.

సరిగ్గా ఆ వారమే హెల్గా ఫోన్ చేసింది. కార్ల్స్‌రూహెలో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటావిడ. ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కి మారుతున్నామనీ, కెల్లర్‌లో, అంటే ఇంటి కింద సామాను గదిలో, నా చేతిరాత ఉన్న పెట్టె ఒకటి దొరికిందనీ, వచ్చి తీసుకెళ్తావా, పారెయ్యమంటావా అనీ అడిగింది. జర్మన్లు పాత సామాను గురించి అడిగే మామూలు ప్రశ్న అది. "లోయెల్ ఎలా ఉన్నారు?" అన్నాను. "నడకే తగ్గింది. మాట తగ్గలేదు" అంది. వచ్చే ఆదివారం వస్తానన్నాను. చెప్పాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకోసారైతే పోస్టులో పంపమని తప్పించుకునేవాణ్ణి, ఎప్పటిలా.

లోయెల్ ఆవిడ భర్త. అమెరికావాడు. నేనెప్పుడూ కోచ్ అనే పిలిచాను. అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. తలకి హెల్మెట్, భుజాలకి దిండ్లూ కట్టుకుని కోడిగుడ్డు లాంటి బంతి కోసం గుద్దుకునే ఆట. ప్రతి కాలేజీ జట్టుకీ ఒక పెద్ద కోచ్ ఉంటాడు, ఆయన కింద పదిమంది దాకా అసిస్టెంట్ కోచ్‌లుంటారు. పేపర్లో ఫోటో పెద్దాయనది. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని కుర్రాళ్ళకి కాలు ఎక్కడ పెట్టాలో నేర్పేది ఈ అసిస్టెంట్లు. జట్టు వరసగా ఓడిపోతే పెద్దాయన్ని తీసేస్తారు, ఆయనతో పాటు వీళ్ళందరూ రోడ్డున పడతారు. కోచ్ అలా ఏడు కాలేజీలు తిరిగారు. అమెరికాలో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళిన హెల్గా ఆయన్ని పెళ్ళి చేసుకుని, ఆ ఊళ్ళన్నీ ఆయన వెంట తిరిగింది. చివరికి వాళ్ళమ్మకి జబ్బు చేస్తే, ఇక నేను మా ఊరు పోతానంది. ఆయన మారుమాట లేకుండా వెంట వచ్చారు. కార్ల్స్‌రూహెలో ఈ ఆట ఆడే చిన్న క్లబ్బు ఒకటుంది. వారమంతా బేకరీల్లో, గ్యారేజీల్లో పనిచేసి శనివారం ఆడుకునే కుర్రాళ్ళు. దానికి పెద్ద కోచ్ ఒక బడి డ్రిల్లు మాస్టారు, ఆట పుస్తకాలు చదివి నేర్చుకున్నవాడు. ఏడు కాలేజీలు చూసిన మనిషి ఆయన కింద చేరారు. అక్కడా అసిస్టెంటే.

యూనివర్సిటీ బోర్డు మీద కాగితం చూసి వెళ్ళాను నేను. కంప్యూటర్లో వీడియో కత్తిరించడం వచ్చినవాళ్ళకి మేడ మీద గది, మీటే, అంటే అద్దె, తక్కువ. తలుపు తీసిన మనిషి నన్ను కిందనించి పైదాకా చూసి రెండే ప్రశ్నలు అడిగారు. టైముకి వస్తావా? వస్తాను సార్. తెలియనిది తెలియదని చెప్పగలవా? చెప్పగలను సార్. వీడియో కత్తిరించడం నాకు అప్పటికి రాదు. గదికి వచ్చిన రాత్రే పక్క హాస్టల్ వాణ్ణి బతిమాలి నేర్చుకున్నాను. మేం అలాగే పెరిగాం, "వచ్చు సార్" అని ముందు అనేసి తర్వాత నేర్చుకోవడం మాకు తెలివితేటల కింద లెక్క.

ఆ ఇల్లు ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. మెట్ల కింద ఆరబెట్టిన బూట్లలోంచి తడి గడ్డి వాసన, ఆయన మోకాళ్ళకి రాసుకునే మందు ఘాటు, వాటి మీద హెల్గా కాచే కాఫీ. ఆవిడ వారానికోసారి మెట్లు కడిగేది, నా వంతు వారం నేను కడిగితే వెనకే వచ్చి మూలలు మళ్ళీ తుడిచేది. శనివారం పప్పుచారులాంటి కందిగింజల సూప్, అందులో సాసేజ్ ముక్కలు. నా గిన్నెలో మాత్రం సాసేజ్ వెయ్యకుండా ముందే తీసి పెట్టేది. నేను యాలకులు దంచి టీ పెడితే ఇద్దరూ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడేవారు. కోచ్ శుక్రవారం పొద్దున్నే లేచి చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవారు. ఏడు చొక్కాలు, ఏడు రంగులు, ఒక్కో కాలేజీది ఒక్కోటి. ఒక్కో చొక్కా బల్ల మీద పరిచి ఆ ఊరి కథ చెప్పేవారు. ఎర్రది తొలి ఉద్యోగం, పసుపుది మంచులో బస్సు ఆగిపోయిన ఊరు, ఆకుపచ్చది నాలుగోది. ఆ ఆకుపచ్చ కాలేజీలో అవతలి జట్టుని అడ్డుకునే డిఫెన్స్ మొత్తానికి బాధ్యుడైన మనిషికి జబ్బు చేస్తే, ఒక సీజనంతా ఆ పని తానే చేశానని చెప్పారు. బోర్డు మీద పేరు మాత్రం జబ్బు మనిషిదే ఉంచారట. ఆయనకి ఇంట్లో ముగ్గురు పిల్లలు, పేరు తీసేస్తే బాగుండదు అన్నారు కోచ్, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ.

శనివారం ఆట. నిచ్చెన మీద కెమెరాతో నేను. ఆదివారం మధ్యాహ్నం కుర్రాళ్ళంతా మా ముందుగదిలో నేల మీద కూర్చునేవారు. కోచ్ కిటికీలకి షట్టర్లు పూర్తిగా దించేసి, గది చీకటి చేసి, ఆట ముక్కముక్కా చూపించేవారు. నా పని కాగితం నింపడం. ఒక్కో ముక్కకీ ఒక వరస: ఏం జరిగింది, ఏం జరగాల్సింది, చివరి గడిలో తప్పెవరిది. బంతి వదిలేసినవాడు తల దించుకుంటే కోచ్ పెన్సిల్‌తో నా వేపు చూపించి, "నా పేరు రాయి. కాలు అలా పెట్టమని నేర్పింది నేనే" అనేవారు. మళ్ళీ ఇంకొకడు. మళ్ళీ "నా పేరు రాయి". ఆట ఓడిపోయిన వారాల్లో ఆ గడి కిందిదాకా ఆయన పేరే ఉండేది. ఒకసారి నేను నవ్వి, అన్నీ మీవే ఎలా అవుతాయి కోచ్ అంటే, అసిస్టెంట్ ఉద్యోగం అంటే అదే అన్నారు.

అంతా అయ్యాక ఆయనదొక అలవాటుంది. బొమ్మ ఆపేసేవారు గానీ షట్టర్లు ఎత్తేవారు కాదు. అయిదారు నిమిషాలు ఆ చీకట్లో అందరూ అలాగే కూర్చోవాలి. ఎవరికైనా చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పుకోవచ్చు, లేకపోతే లేదు. మొహం కనబడకపోతే మనిషి చెబుతాడు అనేవారు. నిజంగానే చెప్పేవారు. అంత లావు కుర్రాడు ఒకడు, అవతలి జట్టువాడు మీదికొస్తుంటే భయమేసి పక్కకి తప్పుకున్నాను, కాలు జారలేదు, అన్నాడు ఒక ఆదివారం. తర్వాత హెల్గా వచ్చి షట్టర్లు ఎత్తి కేకు కోసేది. చెప్పినవాడికీ చెప్పనివాడికీ ఒకే సైజు ముక్క.

నా రెండో చలికాలం అది. అమెరికాలో ఒక కాలేజీకి అసిస్టెంట్ కోచ్ కావాలని పాత స్నేహితుడొకడు ఆయనకి కబురు పెట్టాడు. హెల్గా వాళ్ళమ్మ అప్పటికి పోయింది. ఇంకా రెండేళ్ళు దాటితే నా వయసు వాణ్ణి ఎవరూ చూడరు అన్నారు కోచ్. ఇదొక్కటే చివరి తలుపు అన్నమాట. మర్నాడు చూస్తే హెల్గా కెల్లర్‌లో పాత అట్టపెట్టెల మీద దుమ్ము తుడుస్తోంది. వాటిలో సగం ఏడూళ్ళలో ఎక్కడా విప్పనివి. అసిస్టెంట్ కోచ్ పెళ్ళాం వంట సామాను తప్ప ఏదీ విప్పదు అని నవ్వింది. ఆవిడ అంత తేలిగ్గా నవ్వడం అంతకుముందు చూడలేదు.

కోచ్ తన వివరాలన్నీ పెన్సిల్‌తో పసుపు కాగితాల మీద రాసి, టైపు చెయ్యమని నాకిచ్చారు. చదివితే నాకు ఒళ్ళు మండింది. అసిస్టెంట్ కోచ్, అసిస్టెంట్ కోచ్, అసిస్టెంట్ కోచ్, ఏడుసార్లు. ఒకే తరగతి ఏడుసార్లు తప్పినవాడి మార్కుల కాగితంలా ఉంది. అది పట్టుకుని శ్రీకాంతన్న దగ్గరికి వెళ్ళాను. వరంగల్‌వాడు, అక్కడ మా తెలుగు కుర్రాళ్ళందరికీ సీనియర్, నా రెజ్యూమె కూడా ఆయన చేతిమీదే తయారైంది. నేను చెయ్యని ప్రాజెక్టులు రెండు అందులో ఉన్నాయి, నాకు పార్ట్‌టైమ్ పని వాటితోనే దొరికింది. అన్న కాగితం చూసి, "ఏందిరా గిది, పెద్దమనిషి ఇంత చిన్నగ రాసుకున్నడు? జెర పెంచి రాయాలె. ఆయన చేసిన పనే గదా, పేరు పెడ్తె తప్పేముంది?" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. ఆ రోజే కూర్చుని ఆకుపచ్చ చొక్కా కాలేజీ దగ్గర 'అసిస్టెంట్' తీసేసి 'డిఫెన్స్ మొత్తానికి బాధ్యుడు' అని పెట్టాను. ప్రేమతోనే పెట్టాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇవాళ్టికీ సిగ్గేస్తుంది, కానీ ప్రేమతోనే.

మర్నాడు టిఫిన్ వేళ కాగితం ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పైన ఎక్కడో ఉంది. "నువ్వు సరిచూశావుగా?" అన్నారు. చూశాను కోచ్ అన్నాను. ఆయన సంతకం పెట్టేసి రొట్టెకి వెన్న రాసుకున్నారు. చెప్పడానికి అదొక్క క్షణం ఉంది, నేను వెన్న డబ్బా ఇటు జరిపాను.

ఆ కోచ్‌ల లోకం చిన్నదని నాకేం తెలుసు? ఎవరు ఏ ఏడు ఎక్కడ ఎవరి కింద పనిచేశారో అక్కడ ప్రతివాడికీ ప్రతివాడి సంగతీ నోటికి వచ్చు. రెండు వారాలకి ఆ కాలేజీ నించి ఫోన్ వచ్చింది. నేను ఉతికిన బట్టల బుట్టతో మెట్ల మీద ఉన్నాను. కోచ్ హాల్లో నిలబడి, వైరు వేలికి చుట్టుకుంటూ వింటున్నారు. చాలాసేపు విని, "అవును, ఆ సంతకం నాదే" అన్నారు. కాసేపాగి మళ్ళీ అదే మాట. ఇంకేమీ లేదు. ఇంకెవరో టైపు చేశారనీ, చదవలేదనీ, ఒక్క ముక్క లేదు. ఫోన్ పెట్టేసి, పైకి చూసి, నన్ను చూసి, బుట్ట బరువుగా ఉందా, పట్టుకోనా అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. ఊడింది ఆయన నాలుక, మందేసింది నేను. లేదు కోచ్, తేలికే అన్నాను.

ఆ ఆదివారం ఆటల్లేవు, కుర్రాళ్ళు లేరు. అయినా కోచ్ నన్ను కిందికి పిలిచి, పాత ఆట ఒకటి చూద్దాం రా అన్నారు. షట్టర్లు దించారు. గదిలో మేమిద్దరమే. ఆట అయిపోయింది, బొమ్మ ఆపారు, చీకట్లో కూర్చున్నాం. అయిదు నిమిషాలు దాటింది, పది దాటింది, అరగంట దాటింది. వంటింట్లో హెల్గా బంగాళాదుంపలు తురుముతున్న చప్పుడు వినబడుతోంది. నా నోట్లో మాట తయారుగానే ఉంది. మింగలేను, కక్కలేను. చెబితే గది పోతుందేమో, చదువు మధ్యలో ఎక్కడికి పోను అనే భయం కొంత. అంతకంటే, ఈయన నన్ను చూసే చూపు మారుతుందనే భయం. ఆయనకి తెలియదేమో, ఇంకేదో కారణంతో వద్దన్నారేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ఊపిరి నెమ్మదిగా ఉంది, కునుకు తీస్తున్నారేమో కూడా అనుకున్నాను. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట, "టీ పెట్టనా కోచ్?"

కాసేపటికి, "పెట్టు" అన్నారు.

లేచి వెళ్ళి యాలకులు దంచాను. ఎంతసేపు దంచానో, హెల్గా తురమడం ఆపి నా వేపు చూసింది. ఆ తర్వాత చొక్కాల ఇస్త్రీ ఆగిపోయింది. గది పోలేదు, మీటే పెరగలేదు, సూప్‌లోంచి సాసేజ్ ముందే తీసి పెట్టడం మానలేదు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి కెల్లర్‌లో పెట్టెలన్నీ విప్పి ఉన్నాయి. హెల్గా గోడకి ఫోటోలు కొడుతోంది, కోచ్ మేకులు అందిస్తున్నారు. పరీక్షలు కాగానే ఉద్యోగం దొరికింది. వాల్డార్ఫ్ దగ్గర ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాను. మొదట్లో నెలకోసారి వెళ్ళేవాణ్ణి, తర్వాత క్రిస్మస్‌కి, తర్వాత క్రిస్మస్‌కి ఫోన్. పని ఎక్కువ అని చెప్పేవాణ్ణి. ఎవరైనా మాటల్లో దరఖాస్తులూ, అబద్ధపు అనుభవాలూ అంటే నేను లేచి బాల్కనీలోకి పోయేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం.

మొన్న ఆదివారం ఎస్-బాన్ రైలు ఎక్కి, ట్రామ్ మారి వెళ్ళాను. దారంతా మా ఆఫీసు గుర్తొచ్చింది. ఏదైనా చెడితే ఒక్క గంటలో ఇరవై మెయిళ్ళు పడతాయి, ప్రతిదీ ఇది నా వల్ల కాదు అని రుజువు చెయ్యడానికే. వాటిలో అందరికంటే చక్కగా రాసేది నేనని పేరు. తప్పెవరిదనే గడి మా దగ్గరా ఉంది. అందులో తన పేరు తాను రాసుకున్నవాణ్ణి ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

హెల్గా తలుపు తీసింది. నడుం వంగింది, మెట్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. పెట్టెలో నేను నింపిన ఆదివారం కాగితాలే, కట్టలు కట్టలు. చివరి గడిలో కిందిదాకా నా గుండ్రటి చేతిరాతలో ఒకే పేరు. కోచ్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు, మోకాళ్ళ మీద దుప్పటి. లావయ్యావు అన్నారు నన్ను చూడగానే. కూర్చున్నాను. ట్రామ్ గురించి, మా అమ్మాయి గురించి అడిగారు. దాని దరఖాస్తు సంగతి చెబుతూ సగంలో ఆపేశాను. అప్పుడు చెప్పేశాను. టైపు చేసింది, మార్చింది, సంతకానికి ముందు చెప్పనిది, ఫోన్ రోజు మెట్ల మీద విన్నది. ఇంత వయసొచ్చి ముక్కు తుడుచుకుంటూ చెప్పాను. పట్టపగలు, షట్టర్లన్నీ ఎత్తి ఉన్నాయి, నా మొహం ఆయనకి బాగా కనబడుతోంది.

కోచ్ చివరిదాకా విన్నారు. "ఆ కాగితం నా తప్పే" అన్నారు. "చదవకుండా సంతకం పెట్టాను. అక్కడ నా పేరే రాసుకో."

కాదు కోచ్ అనబోయాను. చెయ్యెత్తి ఆపారు.

"కానీ ఆ ఆదివారం ఉంది చూడు. నేను, నువ్వు, చీకట్లో. నలభై నిమిషాలు కూర్చున్నాను నీకోసం. నువ్వు టీ పెట్టనా అన్నావు." దుప్పటి సర్దుకున్నారు. "అది నాది కాదు. అది నేను తీసుకోను. అక్కడ నీ పేరు రాసుకో."

గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. ఎంతమంది పొరపాట్లో తన పేరు మీద రాయించుకున్న మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తోశారు. గుమ్మంలో హెల్గా నిలబడి ఉంది. ఆవిడకీ అప్పట్నుంచే తెలుసని ఆ నిలబడటంలోనే అర్థమైంది. గదిలో ఆ పాత మౌనమే వచ్చి కూర్చుంది. నా కాళ్ళు అలవాటుగా వంటింటి వేపు లాగాయి, యాలకుల డబ్బా ఏ అరలో ఉండేదో ఇంకా గుర్తుంది. ఈసారి లేవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.